ప్రతి యాభయ్యో రికార్డు

మా అమ్మ నెల్సన్ మిల్లులో
మగ్గాల మోతకి ముప్పయ్యేళ్లకే చెవులు పోగొట్టుకుంది.
నా పెదాలు చూసి నా మాట వినేది.
నేనేమో నా రెండు చెవుల్నీ
గంటల లెక్కన అద్దెకిచ్చాను, రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీకి.

డెబ్భై నాలుగు, జనవరి.
వారానికి మూడు రోజులే కరెంటు.
ఆ మూడు రోజులూ ప్రెస్సులకి నిద్ర లేదు.
ప్రతి యాభయ్యో రికార్డు నా బల్ల మీదికి వచ్చేది
అప్పుడే పెనం మీంచి దించినంత వెచ్చగా.
మొదట్లో రెండు నిమిషాలు, మధ్యలో రెండు, చివర మూడు.
అంతకు మించి వింటే జీతంలో కోత.
హెడ్‌ఫోన్లు తగిలించుకుని
బఠాణీ పప్పులో రాళ్లు ఏరినట్టు
చిటపటలు ఏరేదాన్ని.
పాట నాకు అడ్డం.
దాని వెనక ఏ తప్పు నక్కి ఉందోనని
పాటని పక్కకి నెట్టి చూడటమే నా కొలువు.

దాని పేరు నాకు తెలీదు. మాకు నంబర్లే.
నాలుగు వందల పదిహేడు, బి వైపు.
ఇరవై రెండు నిమిషాలూ ఒకటే పాట,
నడుమ ఎక్కడా ఒక ఖాళీ గీత లేదు.
దేశంలో కుర్రకారంతా దీనికోసం చెవి కోసుకుంటున్నారు,
మీవి మాత్రం భద్రంగా ఉంచుకోండమ్మా
అన్నాడు ఫోర్‌మన్ సిరిల్.

పందొమ్మిదో నిమిషం దాటాక ఒక కిర్రు.
మూడు వందల రికార్డులు తిప్పికొట్టాను.
లండన్ నించి ఉత్తరం వచ్చింది:
అది లోపం కాదు, కుర్చీ.
ఆర్గన్ వాయించే మనిషి లేచాడు. కావాలనే ఉంచాం.
క్యాంటీన్ అంతా నవ్వింది.
కుర్చీకి చుక్క నూనె వేసుకోలేనివాళ్లు
పాటలేం కడతారనుకున్నాను నేను.

మొన్న కింది ఫ్లాటు జునైద్
కోల్న్‌లో ధర్మాసుపత్రి వాళ్ల కొట్లో రెండు పౌన్లకి కొన్నాడట,
అట్ట మీద వరద పొలం, బస్‌స్టాప్,
రెయిన్‌కోటు వేసుకుని నిలబడ్డ కొంగ.
"ఎనిడ్ ఆంటీ, ఒక్కసారి వినండి" అని
ప్లేయరు కూడా మోసుకొచ్చాడు, మెట్లెక్కి, రొప్పుతూ.

అలవాటు చావదు.
మొదటి రెండు నిమిషాలు గీతల్నే విన్నాను.
మూడో నిమిషం నాకు కొత్త దేశం.
ఫ్లూట్ ఒకటి, చలికి ముక్కు కారుతున్నట్టు, తడిగా.
దాని కింద ఆర్గన్,
ఒకే నాలుగు మెట్లు ఎక్కీ దిగీ ఎక్కీ దిగీ.
ఎవరో గంట కొట్టిన శబ్దాన్ని వెనక్కి తిప్పారు,
మోత ముందొచ్చి దెబ్బ తర్వాత పడింది.
జునైద్ నా మొహం చూస్తున్నాడు.
నేను కెటిల్ సంగతి మరిచిపోయాను.

పదహారో నిమిషంలో గిటార్ ఆగింది.
కాసేపటికి ఫ్లూట్.
డ్రమ్ముల వాడు ఒక్కో పళ్లేన్నీ ముట్టుకుని, ఊరుకుని,
వెళ్లిపోయాడు.
మిగిలింది ఆర్గన్ ఒక్కటే, ఆ నాలుగు మెట్ల మీద,
ఎవరైనా తిరిగొస్తారేమోనన్నట్టు.
రారు.
అప్పుడు కిర్రు.

యాభై ఏళ్లు ఆ కుర్చీని ఎరుగుదును.
అతను ఎందుకు లేచాడో ఇవాళే తెలిసింది.

చివరి గాడిలో సూది ఊరికే తిరుగుతోంది.
జునైద్ ఎత్తబోతే, ఉండనీ అన్నాను.
అట్టలోంచి ఒక కాగితపు ముక్క జారింది,
వేలి గోరంత. పరీక్షించినవారు: 9.
"ఇది మీరేనా?"
నాది ఆరు. తల్లకిందులు చేసి చూశాను, కింద గీత ఉంది,
తొమ్మిదే.

తొమ్మిది మ్యూరియల్.
నా పక్క బల్ల. ప్రతి రికార్డూ మొత్తం వినేది,
కళ్లు మూసుకుని, జీతం కోయించుకుని.
నిద్రపోతోందని సిరిల్‌తో చెప్పింది నేనే.
మార్చిలో తీసేశారు.

కెటిల్ మాడిన వాసన వచ్చింది.
జునైద్ లేచి వెళ్లాడు.
నా కుర్చీ కూడా కిర్రుమంటుంది. నేను లేవలేదు.