ముందు వరుస, ఎడమ పక్క

మొదట చూసింది కోట్కాలో, కార్మిక సంఘం హాల్లో.
డెబ్బై ఎనిమిది, నవంబరు.
చెరువుల మీద మంచు ఇంకా గట్టిపడలేదు.
అరవై మందిమి ఉంటామేమో.
మైకు షాక్ కొడుతోందని
దానికో ఉన్ని మేజోడు తొడిగి పాడాడు
ఎన్సియో వాల్కమా.
గొంతు కాదది, తడి దుంగలోకి దిగే రంపం.
నా పక్కన తెల్లెర్వో చెవులు మూసుకుంది.
నేను మూసుకోలేదు.
అప్పుడే మూసుకుని ఉండాల్సింది అంటాడు
ఇప్పుడు చెవి డాక్టరు.

ఆ వారమే లెక్క రాయడం మొదలెట్టాను.
నీలం అట్ట నోటుపుస్తకం,
కాగితం మిల్లు స్టోర్‌లో కొట్టుకొచ్చింది.
ఊరు, తేదీ, మొదటి పాట, చొక్కా రంగు,
తీగ తెగిందా లేదా.
లాప్పెన్‌రాంతా: రెండు తీగలు.
కువోపియో: వాన. పాతిక నిమిషాలకే కరెంటు పోయింది,
చీకట్లోనే పాడాడు, ఒక్కరూ కదల్లేదు.
ఔలు: ఆలస్యం. తాగి ఉన్నాడు.
(ఈ మాట కొట్టేశాను. మళ్ళీ రాశాను.)

తెల్లెర్వో లాడా కారులో హీటరు పనిచేసేది కాదు.
మోకాళ్ళ మీద దుప్పటి, ఒళ్ళో నల్ల రొట్టె,
నాలుగు వందల కిలోమీటర్లు వెళ్ళి
గంటన్నర నిలబడి
రాత్రికి రాత్రే తిరిగొచ్చి
ఆరింటికి మిల్లులో షిఫ్టు.
"వాడు నీకు పెట్టేదా, పోసేదా?" అనేది అమ్మ.
పెట్టలేదు, పోయలేదు.
అమ్మకి జవాబు చెప్పడం రాక
మళ్ళీ శుక్రవారం కారెక్కేదాన్ని.

ఎనభై ఆరులో ఐస్ హాలు.
ఎనిమిది వేల మంది.
మంచు మీద చెక్కలు పరిచారు,
చలి కిందనుంచి పాదాల్లోకి పాకుతోంది.
దూరాన వేలెడంత మనిషి.
అందరికీ అతని పాటలొచ్చు, అందరూ పాడుతున్నారు.
నాకు ఒళ్ళు మండింది,
ఎవరో చెప్పులతో ఇంట్లోకి నడిచొచ్చినట్టు.

తర్వాత జనం పలచబడ్డారు.
ఎప్పటినుంచో చెప్పలేను,
జుట్టు ఎప్పుడు పలచబడిందో ఎవరైనా చెప్పగలరా?
టైర్ల కొట్టు ప్రారంభోత్సవం.
పడవల పోటీలో సాసేజీల పొగ మధ్య.
ఇసాల్మిలో మేం పదకొండు మందిమి, వాళ్ళు నలుగురు.
ఒక్క పాట తగ్గించలేదు ఆ రాత్రి.
చొక్కా ముదురు నీలం అని రాసుకున్నాను,
అది లేత నీలమట, చెమట.

ఇన్నేళ్ళలో నాతో మాట్లాడింది ఒక్కసారి.
వర్కౌస్ బస్టాండులో,
"పియెక్సామాకి బస్సు వెళ్ళిపోయిందా?"
"వెళ్ళిపోయింది" అన్నాను.
అంతకంటే మంచి మాట నోటికి రాలేదు.

ఈలోగా మిల్లులో మూడో నంబరు యంత్రం
నా ఎడమ చెవిని తినేసింది.
కుడిది సగం. ఆ సగం నేరం అతనిదే,
కేసు పెట్టను.
ఎడమ పక్క నిలబడితే కుడి చెవి స్టేజీ వైపుంటుంది.
చెవికి అందనిది అతని పెదాల మీద చదువుకుంటాను.

పోయిన మార్చిలో స్టాక్‌హోమ్ వెళ్ళే ఓడ.
ఐదో అంతస్తు బారు, పక్కనే జూదం మెషిన్ల మోత.
కుర్చీలో కూర్చుని పాడుతున్నాడు, డెబ్బై దాటాయి.
'ఉప్పు వంతెన' రెండో చరణం దగ్గర ఆగిపోయాడు.
డ్రమ్మరు ఇంకో చుట్టు తిప్పాడు.
ఇంకో చుట్టు.
అతని చూపు కాగితాల మీదికి పోలేదు,
సూటిగా నా మొహానికేసి,
కాదు, నా నోటికేసి.
నలభై ఏళ్ళుగా ముందు వరుసలో కదిలే నోరు.
నాకు తెలిసేసరికి మూడో చుట్టు అయింది.
మెల్లగా, చంటిపిల్లకి అన్నం తినడం చూపించినట్టు
పెదాలు తెరిచాను.
నువ్వు దాటకముందే నీళ్ళు గడ్డకట్టాయి.
అందుకున్నాడు.

క్యాబిన్లో బూట్లు విప్పుతూ తెల్లెర్వో ఏదో అంది.
కుడివైపుకొచ్చి మళ్ళీ చెప్పమన్నాను.
"ఏమడిగాడు నిన్ను?"
"బస్సు గురించి" అన్నాను.

నూట నలభై మూడు. సముద్రం నిలకడ.
చొక్కా నలుపు. తీగలు తెగలేదు.
అన్ని పాటలూ అర స్వరం కిందికి.
రెండో చరణం దగ్గర
ఏం రాయాలో తెలియక
రెండు గీతల జాగా వదిలాను.