నూట అరవై రెండో పేజీ

మిల్డ్యూరాలో ఇవాళ నలభై నాలుగు డిగ్రీలు.
నవలలో మాత్రం మూడో అధ్యాయం నుంచీ ఒకటే వాన.
బూజు పట్టిన ఆ బంగళా గోడల్లో
చెమ్మ ఊరే వాక్యం వచ్చినప్పుడల్లా
పేజీకి చెంప ఆనిస్తున్నాను.

లైబ్రరీలో మార్గో ముందే హెచ్చరించింది,
రాత్రిపూట ఒక్కదానివీ చదవకు అని.
నాకున్నవన్నీ ఒక్కదాని రాత్రులే, మార్గో.
ఫణీంద్రకి నారింజల షెడ్డులో రాత్రి డ్యూటీ,
నాకు వృద్ధుల హోమ్‌లో పగటి డ్యూటీ.
వారానికి ఆరు రోజులు
ఒకే మంచాన్ని వంతులేసుకుని వాడుకుంటాం.

ఈ దెయ్యం మా అమ్మమ్మ చెప్పిన రకం కాదు.
పాదాలు వెనక్కి తిరిగి ఉండవు,
దారి కాచి చుట్టకి నిప్పడగదు.
మర్యాదస్తుడు. నూరేళ్ల కిందట పోయిన లెఫ్టినెంటు.
తలుపు అవతల నిలబడి దగ్గుతాడు,
పిలిస్తేనే వస్తాడు.
ఆ పిల్ల, ఆగ్నెస్, పిలవదు.
పిలవకుండా నిద్రా పోదు.
ఆమె కొవ్వొత్తి ఆరిపోయిన ప్రతిసారీ
తెల్లారేసరికి ఎవరో కొత్తది వెలిగించి పెడుతున్నారు.

అక్కడ భయమేసింది నాకు.
దెయ్యాన్ని చూసి కాదు.
మా ఇంట్లోనూ ఎవరో తిరుగుతున్నారు.
నేను లేని వేళ
కడిగి బోర్లించిన గ్లాసు,
మడత పెట్టిన నా యూనిఫాం,
నా దిండు వైపే తిప్పి ఉన్న ఫ్యాను.
ఒకసారి బాత్రూం బయట తడి పాదాలు కూడా చూశాను.
వేళ్లు ముందుకే ఉన్నాయి.
వంగి చూసేలోపే ఎండ తాగేసింది.

నిన్న రాత్రి నూట అరవై రెండో పేజీ.
ఆగ్నెస్ గొళ్లెం మీద చెయ్యి వేసింది.
తిప్పబోతే కింది అంచున
చిన్న గుండ్రటి స్టిక్కరు,
నారింజపండు మీద అతికించేది.
పక్కన పెన్సిలుతో, కోడి కెలికినట్టు:
"ఇక్కడ ఆపు. మిగతాది ఆదివారం ఇద్దరం."

మార్గో చూస్తే జరిమానా వేస్తుంది.

అంటే నేను పడుకున్న గుంటలోనే పడుకుని
నేను వదిలిన పేజీ నుంచే మొదలుపెట్టి
ఎప్పుడు దాటిపోయాడు నన్ను?
ఏడేళ్ల కాపురంలో
మందుసీసా మీది కాగితం కూడా చదవని మనిషి!

ఆపలేదు, అబద్ధమెందుకు.
ఇంకో రెండు పేజీలు చదివేశాను.
గొళ్లెం తీసిందో లేదో మీకు చెప్పను.

నాలుగున్నరకి గుమ్మంలో బూట్లు విప్పిన చప్పుడు.
నన్ను లేపకూడదని మునివేళ్ల మీద నడక.
గది తలుపు దగ్గరికొచ్చి ఆగింది.
సందులోంచి
మనిషికంటే ముందు నారింజ తొక్క వాసన.

దీపం ఆర్పేశాను.
పుస్తకం గుండెల మీదే ఉంది.
కళ్లు మూసుకుని
మెల్లగా
దగ్గాను.