వదులు

బిన్నీ మిల్లు దుప్పటి ముక్కలో చుట్టి తెచ్చాడు
డాక్టర్ తులసింగం, కంటి డాక్టరు,
రిటైరై పదకొండేళ్ళు.
బల్ల మీద పెట్టి ముడి విప్పలేదు.
నన్నే విప్పమన్నాడు.

బెల్జియం పిస్తోలు. నూట పది దాటిన వయసు.
ఒక తూటా పోగానే
తనంతట తనే ఇంకొకటి అందుకునే జాతి.
రాయపురం ఉప్పుగాలి దాని వీపంతా నాకింది.
స్లైడు మీద అక్షరాలు
వానకు తడిసిన గోడమీది పోస్టరులా
సగం ఉన్నాయి, సగం ఊహించుకోవాలి.

"కొత్తదానిలా మెరవాలి, దేవసహాయం.
పొర తీస్తే చూపు రాదా?" అన్నాడు.
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు ఫిట్టర్ని నేను.
మెరుపు కోసం ఆకురాయి పట్టినవాడు
పొరతోపాటు కంటినీ గీకేస్తాడని తెలుసు.
చెప్పలేదు. టీ తెప్పించాను.

లైసెన్సు కాగితం ఒకసారి చూశాను.
తూటా లేదని మూడుసార్లు చూశాను.
ఆ తర్వాతే మరలు.

రెండూ నాకన్నా మొండివి.
కిరసనాయిలు చుక్క. ఒక రోజు.
ఇంకో చుక్క. ఇంకో రోజు.
ఇనుముతో వాదించకూడదు,
అలిగిన మేనమామ పక్కన కూర్చున్నట్టు కూర్చుని
వేరే సంగతులు మాట్లాడాలి.
మూడోనాటి సాయంత్రం
బ్రాడ్‌వే హారన్ల మోతలో
మర నువ్వుగింజంత కదిలింది.

ఈ బల్ల రజాక్ భాయ్‌ది, ఈ పనీ ఆయన నేర్పిందే.
ట్రిగ్గరును లబ్‌లబీ అనేవాడు.
ఎన్నేళ్ళు విన్నా ఆ మాట
పళ్ళు రాని పసివాడి నోట్లో పుట్టినట్టే ఉంటుంది.
లబ్‌లబీ.
అంత ముద్దు పేరున్నదానికి
అంత పని అప్పగించారు.

ఇవి ఎవరినైనా చంపాయా తాతా, అని
మనవరాలు అడిగిందోసారి.
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.
స్ప్రింగు చెప్పదు.
గొట్టం లోపలి మెలికలు
దీపం పెట్టి చూస్తే తిరుగుతూ తిరుగుతూ పోతాయి,
చివర ఒక వెలుగు చుక్క, అంతే.
నేను బాగుచేసేది వస్తువునా, దాని కోపాన్నా
అని కొన్ని రాత్రులు నిద్ర పట్టదు.
తెల్లారితే మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుంటాను.

పిడికి రెండు పక్కలా కొమ్ము బిళ్ళలు.
ఎడమదాని కింద
నాలుగు మడతల కాగితం.

ట్రాము టికెట్టు.
ఈ ఊళ్ళో ట్రాములు ఆగిన రెండేళ్ళకు పుట్టాను నేను.
ఎవడో, నాలాంటివాడే,
బిళ్ళ వదులైతే కొత్తది దొరక్క
జేబులో చెయ్యి పెట్టి, తగిలిందాన్ని మడిచాడు.
అంచులు సమంగా, గోటితో అదిమి.
తొందర మనిషి కాదు.

తొందర నాదే.
విప్పబోతే పొడైంది.
అప్పడం విరిగినంత చప్పుడు కూడా లేదు.
మిగిలిన ముక్కమీద ఇంగ్లీషులో సగం మాట: పేట.
ఏ పేట?
ఈ ఊరంతా పేటలే,
వాషర్‌మెన్‌పేట, చింతాద్రిపేట, రాయపేట, తేనాంపేట...
అతను ఎక్కడ దిగాడో
నా ఊపిరికే ఎగిరిపోయింది.

డాక్టరుకు ఆ సంగతి చెప్పలేదు.
మెరుపూ పెట్టలేదు.
తుప్పు ఆపాను, నూనె రాశాను,
వేళ్ళు అరగదీసిన చోట అరుగుదల ఉండనిచ్చాను.
తిడతాడు. తిట్టనీ.

బిళ్ళ బిగిస్తే మళ్ళీ అదే వదులు.
జేబులో చెయ్యి పెట్టాను.
పొద్దున పెరంబూరులో ఎక్కిన బస్సు టికెట్టు.
నాలుగు మడతలు. గోటితో అదిమాను.
మర తిప్పి అటూ ఇటూ ఊపి చూశాను.
కదల్లేదు.

ఇప్పటి టికెట్ల సిరా ఆరు నెలలు నిలవదు.
ఎప్పుడో ఇంకొకడు ఈ మర విప్పితే
దొరికేది తెల్ల కాగితం.
ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగాడు, ఏమీ ఉండదు.
మడతలు మాత్రం చూస్తాడు.
చూసి, పాపం,
తొందర మనిషి కాదు అనుకుంటాడు.