పనిముట్టు వివరణ, నాలుగో ముసాయిదా

పనిముట్టు పేరు: మంద_లెక్క_అడుగు.
ఏం చేస్తుంది:
అని రాసి, ఉప్పు టీ మీద మీగడ కట్టేదాకా
అలాగే కూర్చున్నాను.

కిటికీ అవతల ఉలాన్‌బాతర్ కనిపించడం లేదు.
గుట్ట మీది గుడారాల్లో బొగ్గు కాలుతోంది.
ఆ గుడారాల్లో సగం
నా పట్టికలో ఒకప్పటి వరుసలే.

మొదటి ముసాయిదా ఒక్క వాక్యం:
'పశువుల డేటాబేస్‌ను ప్రశ్నిస్తుంది.'
చాలన్నాడు తెమూలెన్. పేరు చూస్తే దానికే తెలుస్తుందన్నాడు.
దానికి, అంటే నీకు.
పేరు విని గుర్రమెక్కేవాళ్లను
మా వైపు నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరిలో దులామ్‌సురెన్ వచ్చింది,
నాలుగు అంతస్తులూ మెట్లెక్కి.
ముప్పై ఒక్క ఏళ్లు లోయ లోయా తిరిగి
తలకాయలు లెక్కపెట్టిన మనిషి.
బూట్ల మంచు నా చాప మీద కరుగుతుంటే
ఫోన్ తీసి చూపించింది.
పులి సంవత్సరం చలికాలంలో
మా హార్‌గాంత్‌లో ఎన్ని చచ్చాయని మనవడు అడిగాడట.
నువ్వు చెప్పావు: సున్నా.
ఎంత మర్యాదగా చెప్పావో!
ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగావు.

'ఆ ఏడు కనుమ మూసుకుపోయింది' అంది ఆమె.
'ఏప్రిల్‌లో చేరాను.
పెన్ను ఉంది, పుస్తకం ఉంది,
లెక్క చెప్పే ఇల్లు ఒక్కటీ లేదు.
కాకి లెక్క రాయడం నాకు చేతకాదు.
గడి వదిలేశాను.'

అందుకని రాస్తున్నాను, విను:

గడి ఖాళీ అంటే సున్నా కాదు.
సున్నా అంటే ఎవరో వెళ్లారు, చూశారు, ఏదీ చావలేదు.
ఖాళీ అంటే దారి లేదు.
ఈ రెంటికీ మధ్య ఒక కనుమ ఉంది.

జుద్ రకం అనే నిలువు వరుసలో
ఒకటి తెల్లది, మంచు మోకాళ్లు దాటింది.
రెండు నల్లది, మంచే పడలేదు, నాకడానికి తడి లేదు.
మూడు ఇనుపది, గడ్డి కళ్లకు కనిపిస్తుంది,
గాజు కింద.
(మూడుకి ఇంత రాయాలా అన్నాడు తెమూలెన్.
తీసేశాను. మళ్లీ పెట్టాను.)

గొర్రె కొలత అని ఇంకో వరుస ఉంది.
గుర్రానికి ఏడు, ఆవుకి ఆరు, ఒంటెకి ఐదు,
మేకకి ఒకటికి కాస్త తక్కువ.
అది మేతకు కొలత. చావుకు వాడకు.
గుర్రం పోయినవాడితో
ఏడు గొర్రెలు పోయాయని అనకు.
అతను దాన్ని రంగుతో పిలిచేవాడు.

జిల్లా, సంవత్సరం లేకుండా అడగవద్దు,
గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది.
ఒకసారికి రెండు వందల వరుసలే ఇస్తాను.
రెండు వందలూ నిండుగా వస్తే
ఇంకా ఉన్నాయని అర్థం, అంతేనని కాదు.
చదవగలవు. మార్చలేవు.
దులామ్‌సురెన్ అక్షరాన్ని మార్చే హక్కు
నాకూ లేదు.

'వ్యాఖ్యలు' వరుస గురించి ఏం రాయాలో తెలియలేదు.
అందులో 'తల్లి ఒంటె ఏడుస్తోంది' అని ఉంది ఒకచోట.
'టీ ఇచ్చారు' అని నలభై చోట్ల.
వెతకడానికి పనికిరాదు అని రాశాను.
చదువు, అని కింద రాశాను.

సాయంత్రం మనవడి ప్రశ్నే మళ్లీ వేశాను.
నువ్వు ఈసారి కొంచెం ఆలస్యం చేశావు.
'ఆ చలికాలానికి నమోదు లేదు.
లెక్కించేవారు చేరుకోలేకపోయి ఉండవచ్చు.
చనిపోయిన వాటి సంఖ్య చెప్పలేను.'

ఫోన్ చేసి దులామ్‌సురెన్‌కి చదివి వినిపించాను.
అటువైపు పొయ్యి తలుపు మూసిన చప్పుడు.
చాలాసేపటికి అంది:

'ఉండవచ్చు ఏమిటి?
చేరుకోలేకపోయాను. నేనే.
అది నీ పుస్తకంలో లేదా?'

ఐదో ముసాయిదా తెరిచాను.