పదకొండు రోజుల జీతం

డాక్‌యార్డు రికార్డు గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు
దుమ్ము తిని రిటైరయ్యాను.
జాలారిపేటకి నేనింకా కాయితాల బాబునే.
పింఛను ఆగినా, పడవ లైసెన్సు చిక్కుపడినా
చెప్పులు గుమ్మంలో విడిచి
నా ముందొక సంచి కుమ్మరిస్తారు.

కొర్లమ్మ సంచీలోంచి రాలింది
ఆరు కోణాల చుక్క ఒకటి.
చింతపండుతో తోమీ తోమీ మొనలు మొద్దుబారాయి.
"మా నాయనది. బర్మా యుద్ధం.
మనవలు ఫ్రేము కట్టిస్తారంట,
కింద రాయడానికి ఏ పటాలమో, ఏ ఊరో కావాలంట."
తిప్పి చూశాను. వెనక పేరు లేదు.
ఇది ఎవరిదైనా కావచ్చు అని
నోటిదాకా వచ్చింది, అనలేదు.

మైలపల్లి ఎల్లాజీ.
రెండేళ్ళు ఆ పేరు వెంట తిరిగాను.
ఢిల్లీకి ఆరు ఉత్తరాలు, బెంగుళూరుకి నాలుగు.
ఆ పేరుగలవారు లేరు, లేరు, లేరు,
కింద గుండ్రటి ముద్ర.

మూడో వేసవిలో, నేను వెతకని చోట దొరికాడు.
ఎం. ఎలైజా. మతం: క్రైస్తవం. పని: కళాసీ.
చెవికి సరిగా ఆనని ఏ గుమాస్తానో
నూకాలమ్మకి కోడిని కోసే మనిషికి
ఒక్క కలంపోటుతో బాప్తిస్మం ఇచ్చేశాడు.
ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు.
గుర్తు: ఎడమ అరచేతిలో తాడు కోసిన మచ్చ.
అది చదివి వినిపిస్తే కొర్లమ్మ
తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

చింద్విన్ నదిలో లాంచీ మీద పదిహేను నెలలు.
అది గుండ్రంగా, ఫ్రేముకి తగ్గట్టు రాసిపెట్టాను.
దాని వెనక పేజీ మాత్రం మడిచాను.

ఎర్ర సిరా.
ఖిదిర్‌పూర్ రేవు, ఏప్రిల్ 1942.
సెలవు లేకుండా గైర్హాజరు, పదకొండు రోజులు.
జీతం కోత. పద్నాలుగు రోజులు గార్డు గదిలో.

ఆ ఏప్రిల్ ఆరున మన రేవు మీద బాంబులు పడ్డాయి.
పేలనిదొకటి బీచి రోడ్డు మ్యూజియంలో ఉంది,
పిల్లలు దాని పక్క నిలబడి ఫొటో దిగుతారు.
ఊరికి ఊరే మూటలు కట్టిందనీ
ఎడ్లబండి బాడుగ నాలుగింతలైందనీ
మా అమ్మ చెప్పేది.
నేను రాత్రంతా ఆ మడత మీద చెయ్యేసి కూర్చున్నాను.
పోయినవాడి తప్పు ఇంటివాళ్ళకి చూపించే పని
నాకెవరూ అప్పగించలేదు.

పొద్దున్నే కొర్లమ్మ వచ్చింది, అడక్కుండానే చెప్పింది:
"నేనప్పుడు పాలు తాగే పిల్లని బాబూ.
మా యమ్మ నన్ను సంకనేసుకుని
ఆనందపురం దాటి పారిపోనాది.
దొర సెలవిచ్చి పంపినాడంట నాయన్ని.
ఊరూరూ అడుక్కుంటా అడుక్కుంటా
బయల్దేరిన తొమ్మిదో నాడు
ఎవరిదో గొడ్లసావిట్లో మమ్మల్ని సూసినాడంట.
నన్నెత్తుకుని కాసేపు ఊపినాడంట.
ఆ రాత్రే మళ్ళీ ఎల్లిపోనాడు."

తొమ్మిది. తిరుగు రైలుకి రెండు.
నా నౌకరీ మొత్తంలో ఏ పద్దూ
ఇంత సరిగ్గా సరిపోలేదు.

మడత విప్పాను.
"దొర సెలవివ్వలేదమ్మా."
ఎర్ర అక్షరాలు ఒక్కొక్కటీ తెలుగు చేసి చదివాను,
గార్డు గది దగ్గర గొంతు కొంచెం తగ్గించి.

హార్బరు వైపు నుంచి
ఐసు మిల్లు చప్పుడు.
ఆమె కిటికీలోంచి అటే చూసింది చాలాసేపు.
ఏడుస్తుందేమోననుకున్నాను.
"జీతమెంత కోసినారు?" అనడిగింది.

నెలకి పద్దెనిమిది. పదకొండు రోజులకి
పాత లెక్క మరిచిపోయాను, పెన్సిలు తీసి
రెండుసార్లు వేసుకోవలసి వచ్చింది.
ఆరు రూపాయల తొమ్మిదణాల ఏడు పైసలు.

యాభై ఏళ్ళు నెత్తిన గంప మోసి
వంజరం ముక్క ముక్కకీ బేరమాడిన మనిషి,
పెదవి విరిచి, తలాడించి
"సవకే" అంది.

చుక్కని కొంగున ముడేసుకుంటూ
గుమ్మం దగ్గర మళ్ళీ ఆగి,
"ఫ్రేము మాత్రం ఆరొందలంట."