నల్ల వైరు

చిత్తూరు సంతపేటలో మా చెరుకు రసం బండి కింద
ఎర్ర పెట్రోలు ఇంజిను ఒకటి ఉండాది.
మూడు దినాలుగా మొండికేసింది.
తాడు లాగి లాగి అరిచేతులు బొబ్బలెక్కినాయి.
చెంగల్రాయులు వచ్చి, ప్లగ్గు ఊడదీసి,
బాడీకి ఆనించి, తాడు లాగి చూసినాడు. నిప్పు లేదు.
"కాయిలు పొయ్యింది దొరసానమ్మా, పదకొండు నూర్లు."
అదెన్ని గ్లాసులో నేను లెక్కేసేలోపల
టీ తాగి ఎలబారి పొయ్యినాడు.

ఆ రాత్రి ఐసు పెట్టె అట్ట చించి
బొగ్గుముక్కతో గీసుకుంటా కూర్చున్నాను.

మొదట చక్రం. దాని అంచున అయస్కాంతం.
తిరిగినప్పుడల్లా అది కాయిలు ముందర నుంచి పోతాది,
తలుపు ముందర పొయ్యే మనిషి నీడ మాదిరి.
ఆ రవంత దాటుడికే
లోపల చుట్టిన సన్న తీగలో కరెంటు ఉలిక్కిపడి
ప్లగ్గు కొనన సందు దూకుతాది.
బ్యాటరీతో దీనికి పనే లేదు!
పన్నెండేండ్లుగా బ్యాటరీనే ప్రాణమనుకుని
దానికి పసుపు కుంకుమ పెట్టింది నేనే.

అదే చక్రం కడుపులో ఇంగో కాయిలు.
దీని వైరు తెల్లది.
ఇది పుట్టించే కరెంటు అటూ ఇటూ ఊగుతాది,
ఊగేది బ్యాటరీకి ఒంటదు.
అందుకని నడాన వేలెడంత డయోడు,
పొయ్యేవాళ్లను పోనిచ్చి, ఎనక్కి తిరిగినోళ్లను ఆపే కాపలాదారు.
సగం ఊపు లోపలికి, సగం ఊపు వృథా.
ఆ సగంతోనే
రాత్రి తొమ్మిది దాకా నా గ్లాసుల మీద వెలుతురు.

ఇంగ నల్ల వైర్లు.
ఒకటి బ్యాటరీ నుంచి బాడీకి.
ఒకటి నిప్పు కాయిలు నుంచి స్విచ్చికి.
రెండూ నలుపే, ఒకదానికొకటి చుట్టరికం లేదు.
ఈ రెండోదాని కాడనే బొగ్గు ఆగిపోయింది.

ఇంట్లో స్విచ్చి ఆపితే దోవ తెగుతాది.
ఇక్కడ ఆపితే దోవ కలుస్తాది.
కరెంటును ఎవురూ కొయ్యరు,
బాడీకి తాకిస్తారు, అంతే.
కాళ్ల కింద చల్లని నేల దొరికినాక
సందు దూకే కష్టం ఎవురు పడతారు?

అట్లయితే,
ఈ నల్ల వైరు యాడన్నా ఒళ్లు గీసుకుని
ఇనుముకు తగిలి ఉంటే?
ఎవురూ ఆపకుండానే ఆగిపోయి ఉంటాది కదా,
స్విచ్చి మాత్రం ఆన్‌లోనే కనిపిస్తా.

తెల్లారి బండి కింద దూరినాను.
చీమలు ముందే వచ్చి ఉండాయి.
రోలర్ల కింద కారిన రసం వైరు పొడుగునా పాకమై,
చీమల బారు దాని మీదనే నడిచిపోయి
ఒక బోల్టు కాడ గుంపు కట్టింది.
తుడిచి చూస్తే అక్కడ తోలు లేదు,
రాగి తళతళ.

కాయిలు కాడ ఆ వైరు పీకేసి తాడు లాగినాను.
ఒక్కటే లాగుడు.
సంతపేట అంతా వినపడేట్టు అరిచింది ముండ!
ఆనందంలో స్విచ్చి నొక్కితే ఆగదు.
నొక్కినా ఆగదు, తిట్టినా ఆగదు.
ఆపే వైరు నా చేతిలోనే ఉంటే ఎట్ల ఆగుతాది?
టమాటాల వాళ్లు చుట్టూ మూగినారు.
పెట్రోలు కొళాయి కట్టేసి,
కడుపులో మిగిలింది తాగేదాకా
నడుం మీద చెయ్యేసుకుని నిలబడినాను.

సైకిలు ట్యూబు ముక్క తొడిగి
వైరును బోల్టుకు దూరంగా కట్టినాను.
మధ్యాన్నం చెంగల్రాయులు వస్తే
అల్లం, నిమ్మకాయ పిండి రసమిచ్చినాను, దుడ్లు తీసుకున్నాను.
అట్ట చేతిలోకి తీసుకుని శానాసేపు చూసినాడు.
"ఈ తెల్ల వైరు ఏంది?" అన్నాడు.

చెప్పలేదు.
అదింకా నాకే పూర్తిగా తెలీదు.
ఇంజిను ఆపినా పన్నెండే, నడిపినా పన్నెండే,
మీటరు ముల్లు కదలడం లేదు.
డయోడే అయ్యుండాల.
ఆదివారం బేరం తక్కువ, అప్పుడు చూడాల.