వేలిముద్ర

ముసఫాలో పొద్దుగాల నాలుగున్నర.
హాజరు మిషన్ మీద
పోశెట్టి బొటనవేలు పెడితే
ఎర్ర లైటు.

ఉమ్మి తడి చేసి మళ్లా పెట్టిండు.
ఎర్ర లైటే.
పదకొండేండ్ల సిమెంటు
గీతలన్నీ నాకేసింది.

చూపుడువేలు పెట్టమన్నడు ఫోర్‌మన్.
అది పోయిన రంజాన్ నెలల
టైల్స్ కోసే బ్లేడు కింద పడ్డది.
"సొంత అజాగ్రత్త" అని అరబ్బీల రాసి,
సంతకం రాదంటే
ఈ బొటనవేలే ఒత్తించుకున్నరు.
ఆ కాయితం మీద
మంచిగనే పడ్డది ముద్ర.

బస్సు హారన్ కొడుతున్నది.
నాకు దగ్గొచ్చింది.
వచ్చే నెల వీసా మెడికల్,
దగ్గును మింగిన.

వెనక లైన్ల నలభై మందిమి,
ఎవ్వలం మాట్లాడుతలేం,
వేళ్లు ప్యాంట్లకు రుద్దుకుంటున్నం.